పెదవే పొలిమేర

ఫారం చివర ఒక గడి: "మీకు వచ్చిన పనులు."
దాన్ని ఖాళీగా వదిలేశాను.
బల్ల అవతలి పిల్ల, పేరు కింగా,
పెన్ను మూత కొరుకుతూ అంది:
"ఏదో ఒకటి చెప్పండి, పానీ గెనొవేఫా,
కంప్యూటర్ ఖాళీ గడిని ఒప్పుకోదు."

ఏం చెప్పను?
ముప్పై ఒక్క ఏళ్ళు వూచ్ నగరంలో
ఆరు మగ్గాల మధ్య ఒక్కదాన్నే నిలబడ్డాను.
తెగిన పడుగు పోగును
రెప్పపాటులో ముడెయ్యడం వచ్చు.
మిల్లే లేదిప్పుడు.
నా మగ్గాలున్న చోట ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారు.
ఒకసారి కొనుక్కున్నాను, పిస్తా.
బాగానే ఉంది.

పెద్దవాళ్ళు చేయగల సేవల జాబితా
వేలు పెట్టి చదివింది కింగా:
లైబ్రరీ పుస్తకాలకు అట్టలు,
బడిపిల్లల్ని రోడ్డు దాటించడం,
పార్కులో తులిప్ దుంపలు నాటడం,
ఒంటరివాళ్ళకు ఫోన్ చేసి కబుర్లు.
దుంపలకు నా మోకాళ్ళు వంగవు.
ఫోనా?
నా చెవుల్ని మగ్గాలు ఎన్నడో తినేశాయి,
ఎడమవైపు కాస్త ఎంగిలి మిగిల్చి.

అప్పుడే అద్దాల గదిలో ఆఫీసరు
ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు:
"ఇంకో ముసలమ్మ. ఏమీ రాదు.
కోట్లు తగిలించే పని ఇద్దాం."
"కోట్ల పనైనా సరే," అన్నాను కింగాతో.
తెల్లబోయింది.
"ఆ తలుపు వేసుంది కదా, ఎలా విన్నారు?"
"వినలేదమ్మా. చూశాను."

అదీ ఒక పనేనని నాకేం తెలుసు?
నాలుగొందల మగ్గాలు ఒక్కసారి ఆడే హాల్లో
అరుపుకు విలువ లేదు.
పెదవుల్ని సాగదీసి మాట్లాడుకునేవాళ్ళం,
ఎవరి మొగుడు తాగాడు,
ఏ కొట్లో సబ్బులు వచ్చాయి,
మధ్యలో మేస్త్రీ తిరుగుతూ ఉండగానే,
వాడి నెత్తి మీదుగా.
స్టెఫ్చా తన బిడ్డ పోయిందని
పన్నెండు గజాల అవతలి నుంచి చెప్పింది,
మగ్గం ఆపకుండా.
నేనూ ఆపలేదు.
ఆపితే కూలి కోసేవారు.

ఇప్పుడు గురువారాలు ఆసుపత్రిలో,
మూడో అంతస్తు, గొంతు ఆపరేషన్ల వార్డు.
విటోల్డ్ గారికి మెడలో గొట్టం,
చేతిలో పలక, చేతికి వణుకు.
పదకొండు రోజులుగా ఆయన పెదవులు ఆడిస్తుంటే
చూసినవాళ్ళంతా తలూపి
"అలాగే, అలాగే" అని వెళ్ళిపోతున్నారు.
ఫాదర్‌ని అడుగుతున్నాడనుకుని కూతురు
రెండుసార్లు ఫాదర్‌ని తీసుకొచ్చింది.
ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కుర్చీ గోడవైపుకే జరుపుకున్నాను.
"సాగదీయకండి, మామూలుగా అనండి."
చాలాసేపు నన్నే చూశాడు.
మొదట ఒక బూతు.
దాన్ని నర్సుకు "సూప్‌లో ఉప్పు లేదట" అని చెప్పాను.
తర్వాత
నా పావురాలకు మేత ఎవరు వేస్తున్నారు?
బూడిద రంగు దానికి కాలు బాగాలేదు,
దాన్ని విడిగా ఉంచారా?
కూతురు ఏడ్చింది.
వేస్తున్నాం నాన్నా, వేస్తున్నాం అంది.
బూడిద రంగు దాని సంగతి మాత్రం
ఆమెకు తెలియదు.
సాయంత్రం వెళ్ళి చూస్తానంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందట మాట.
ఈ వార్డులో మాటకు పెదవే పొలిమేర.
అక్కడ కాపలా కూర్చుంటాను,
వచ్చినదాన్ని వచ్చినట్టు అవతలికి అందిస్తాను.
అన్నీ కాదు.
నేను లేచేటప్పుడు విటోల్డ్ గారు ఒక మాట అన్నాడు,
కూతురు "ఏమంటున్నారు?" అంది.
"జాగ్రత్తగా వెళ్ళమంటున్నారు," అన్నాను.
అది కాదు ఆయన అన్నది.

ట్రాములో ఎదుటి సీటు జంట
నా గురించి గుసగుసలాడుకుంటున్నారు,
ఈ ముసలామె ఎందుకు నవ్వుతోందని.

ఆ ఖాళీ గడి ఏమైందని
నెల తర్వాత కింగాను అడిగాను.
ఒక చుక్క పెట్టిందట.
కంప్యూటర్ ఒప్పుకుందట.