ఇంటిపేరు ముందు

గుణుపురంలో రాత్రి రెండు దాటాక
చింతపండు సంఘం లెక్కల ప్రోగ్రాం
ఉన్నపళంగా కూలబడింది.

తప్పు నాదే.
అడవి సరుకు లారీకి పర్మిట్ లేకపోతే
లేవాల్సిన లోపానికి ఒక పేరు కావాలన్నారు.
‘పర్మిషన్ ఎర్రర్’ అన్నాను.
అంతకంటే తిన్నని పేరేముంది?
నమూనా ఫైల్లో నేను రాసింది ఒక్క వరుస.
మిగతాది కంపైలర్ రాసింది,
నాలుగువేల వరుసలు, చెమట చుక్క లేకుండా.
నెత్తిన హెచ్చరిక కూడా తనే తగిలించుకుంది:
దీన్ని చేత్తో ముట్టుకోవద్దు.

ఆ పేరుతో భాషలో ముందే ఒకాయన ఉన్నాడు.
తాళం పడిన ఫైలు గుమ్మంలో నిలబడి
కేక వేయడమే ఆయన కొలువు.
కంపైలర్ ఎవర్నీ అడగలేదు.
పాతాయన కుర్చీలో
కొత్తవాణ్ణి కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

రాత్రి డిస్కులో నిజంగానే తాళం పడింది.
పాతాయన కేక వేశాడు.
పట్టుకోవాల్సిన చోట నా వల ఉంది,
నా చేపకు మాత్రమే అల్లిన వల.
కేక దాని పక్కనుంచి పోయింది.

సుకాంతి శబర్ ఫ్లాస్కులోంచి టీ వంపుతూ
తెర మీదికి వంగి నవ్వింది:
“పిలిచావు సరే, ఎవర్ని పిలిచావు?”

ఇదే ఏరు నాకు వంశధార, ఆమెకు బొంసొధారా.
ఇంట్లో వాసవిని, బడి రిజిస్టర్లో బాసబిని.
ఒక్కరికి రెండు పేర్లు మాకు బరువు కాదు.
ఇద్దరికి ఒకటైతేనే చిక్కు.
ఐదో తరగతిలో ఇద్దరు బాసబిలం.
మాస్టారు పిలిస్తే ఇద్దరం లేచేవాళ్ళం,
బెత్తం మాత్రం దగ్గరున్న చేతికే.
అమ్మ వచ్చి చెప్పింది:
గేదెల వాసవి అని రాయండి, ఇంటిపేరు ముందు.
ఆయన వెనక రాశాడు.
అయినా ఆ తర్వాత
నా దెబ్బలు నాకే పడ్డాయి.

నీదాని పేరు మార్చెయ్యమంది సుకాంతి.
కుదరదు. మునిగుడ తూకం గదిలో,
రాయగడ గిడ్డంగిలో
ఆ పేరుతోనే పిలవడం అలవాటైపోయింది.
పట్టుకునే చోట ఇంకో వల కట్టి
పాతాయనకు ఆయన ఇల్లు ముందు చేర్చాను:
బిల్టిన్స్, ఒక చుక్క,
ఆపైన పేరు.
టీ చల్లారిపోయింది.

ఆరింటికి మొదటి లారీ గేటు దగ్గర ఆగింది.
పర్మిట్ లేదు.
నా లోపం లేచి నిలబడింది,
ఒక్కటే.