అన్నీ పచ్చగానే ఉన్నాయి

డే అండ్ నైట్ జంక్షన్‌లో మెడికల్ షాపు మీద
రెండో అంతస్తు మాది.
జంక్షన్ పేరులో పగలు ఢిల్లేశ్వరరావుది,
రాత్రి నాది.

ఆరు జీడి ఫ్యాక్టరీలున్న రోజుల్లో
ఒకటే ప్రోగ్రాం.
పొందూరు నుంచి వస్తూ పోతూ
సగం బస్సులోనే రాశాడు.
తూకం, కూలి లెక్క, బ్యాంకు, మెసేజీ
అన్నీ ఒకే పొట్టలో.
ఏది దగ్గినా అన్నీ మంచం పట్టేవి.

ఫ్యాక్టరీలు నూట నలభై అయ్యాక
దాన్ని బద్దలు కొట్టాం.
పలాసలో గుండు పప్పుకి ఒక ధర,
బద్దకి తక్కువ, నూకకి ఇంకా తక్కువ.
మా దగ్గర తిరగేసి:
ఎంత చిన్న ముక్కయితే అంత గొప్పని
హైదరాబాదు నుంచి వచ్చినాయన
బోర్డు మీద బొమ్మ గీశాడు.
ముప్పై ఏడు ముక్కలయ్యాయి.
పేర్లు చాలక ప్యాసింజరు ఆగే స్టేషన్లు పెట్టాం.
ఉర్లాం తూకం రాసుకుంటుంది,
తిలారు కూలి కడుతుంది,
కోటబొమ్మాళి బ్యాంకుతో మాట్లాడుతుంది,
నౌపడా మెసేజీలు పంపుతుంది.
ఒకదాని మొహం ఒకటి చూడదు.
చీటీ అందిస్తుంది, అంతే.

వాటిని కనిపెట్టుకుని ఉండడం నా పని.
పది సెకన్లకోసారి అడుగుతాను:
ఉన్నావా?
ఉన్నాను.
ఉన్నావా?
ఉన్నాను.
గోడ మీద టీవీలో ముప్పై ఏడు పచ్చ చుక్కలు.
ఒకటి ఎర్రబడితే నా ఫోను కేకేస్తుంది.
మొదటి నెల్లో రాత్రికి నలభైసార్లు కేకేసింది,
డిస్కు నిండుతోందని, ఎవరో రెండు సెకన్లు ఆలస్యమని,
ఏమీ లేకపోయినా ఏదో ఉందని.
ఆమదాలవలసలో పిన్ని కూతురి పెళ్లి,
తలంబ్రాల వేళ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను.
తర్వాత ఒక్కొక్క కేకనీ నొక్కేస్తూ వచ్చాను.
నిశ్శబ్దాన్ని ఆరోగ్యం అనుకున్నాను.

మార్చిలో ఒక శనివారం, వారం కూలి తేలే రోజు,
రాత్రి పదింబావుకి మామూలు ఫోను మోగింది.
కాశీబుగ్గ నుంచి గేదెల దాలమ్మ.
చీటీ అడుగున చిన్న అక్షరాల్లో
మా నంబరు అచ్చేశామని నాకే గుర్తు లేదు.

"ఓలమ్మా, నాకు మెసేజీ రానేదు.
మా వరసలో ఎవులికీ రానేదు.
మీ మిషనుకి ఏటైనాది?"

గోడకేసి చూసి
"అన్నీ పచ్చగానే ఉన్నాయమ్మా" అన్నాను.
"పచ్చగుండనీ తల్లీ" అంది, దీవించినట్టే.
"నా ఫోను మాత్రం కాళీగున్నాది."

ఆవిడ చీటీ నంబరు పట్టుకుని వెంట నడిచాను.
ఆరూ పన్నెండుకి ఉర్లాం దాటింది.
తిలారు దాటింది.
నౌపడా గుమ్మంలోకి వెళ్లింది,
మళ్లీ బయటికి రాలేదు.
లోపల మూడు వేల నూట పన్నెండు చీటీలు
ఒకదాని మీద ఒకటి.
పంపే చెయ్యి సాయంత్రమే పడిపోయింది,
ఉన్నాను అనే నోరొక్కటే బతికుంది.
నేనడిగిందీ ఆ ఒక్క మాటే మరి.
పని చేస్తున్నావా అని ఏనాడూ అడగలేదు.

ఢిల్లేశ్వరరావుని లేపాను.
"ముక్కలు చేస్తే ఒకటి పడ్డా మిగతావి నిలబడతాయన్నారు"
అన్నాడు ఆవలిస్తూ,
"నిలబడ్డాయి కదా."
నౌపడాని చంపి మళ్లీ పుట్టించాం.
పదకొండూ నలభైకి చీటీలు బిలబిలా కదిలాయి.

తర్వాత ఒక కొత్త గంట కట్టాను.
అది ముక్కల్ని పలకరించదు.
తూకమైన మనిషి ఫోనుకి
గంటలోగా మెసేజీ చేరిందా, అదొక్కటే చూస్తుంది.
ఆఫీసులో దాని పేరు దాలమ్మ.
ఎవరు లేపారు? అంటాడు ఢిల్లేశ్వరరావు నిద్రలో.
దాలమ్మ.
అయితే నిజమే. వస్తున్నా.

కానీ ఆ రాత్రే, మెసేజీ అందాక,
ఆవిడ మళ్లీ ఫోను చేసింది.
బాగైందని చెప్పడానికి అనుకున్నాను.

"ఏడున్నర అని పడ్డాది.
నానొలిసింది ఎనిమిది.
రోజూ అంతే, అరకిలో మింగీస్తాది.
ఆ కాటాని కూడా నువ్వే సూస్తావేటి?"

ముప్పై ఏడు స్టేషన్ల పటం ఎదురుగా ఉంది.
ఉర్లాంకి ముందు మేం ఏమీ గీయలేదు.
అవతల నుంచి వచ్చిన అంకెని
ఎంత నమ్మకంగా, ఒక్క గ్రాము పోకుండా
ఆవిడ ఫోను దాకా మోసుకొచ్చామో!

"లేదమ్మా, అది మా దాంట్లో లేదు" అన్నాను.
కిందికి దిగి టీ తాగాను.
పైకొచ్చేసరికి
అన్నీ పచ్చగానే ఉన్నాయి.