నలుగురు పట్టే పడవ

ఎచ్చెర్లలో ఆ శనివారం
ముప్పై జట్లు, ఇరవై ఎనిమిది కంప్యూటర్లు.
తక్కిన రెండూ సివిల్ వాళ్ళ ల్యాబు నుంచి
చంటిపిల్లల్లా చేతుల మీద మోసుకొచ్చాం.
మౌస్ ఒకటి దారిలోనే పోయింది.

ఐదు గంటల పోటీ, ఆరు లెక్కలు.
లెక్క తేల్చిన జట్టు కుర్చీకి ఒక బెలూను.
ఏడురోడ్ల కూడలిలో కొన్నాను వాటిని.
పెళ్ళికా, అనడిగాడు కొట్టువాడు.
కాదన్నాను. పుట్టినరోజుకా, అన్నాడు.
ఏం చెప్పాలో తోచక అవునన్నాను.

పులిహోర పొట్లాలు తొంభై ఆరు:
జట్టుకి ముగ్గురు, మేం ఆరుగురం.
కూడిక నేనే వేశాను, రెండుసార్లు సరిచూశాను.
వెనక షెడ్డులో జనరేటరు దగ్గర
లబ్బ సూర్యం తెల్లారి నుంచీ ఉన్నాడు.
కరెంటు నాలుగుసార్లు పోయింది.
నాలుగుసార్లూ యూపీఎస్ మూలగడం మొదలెట్టగానే
అతను హ్యాండిలు తిప్పాడు.

మొదటి లెక్క నేను రాసిందే.
రేవులో ఇంతమంది, పడవలో ఇంతమంది పడతారు,
అందరూ అవతలికి చేరడానికి ఎన్ని విడతలు?
భాగించి, మిగిలితే ఒకటి కలపడమే.
విస్తట్లో ముందు వడ్డించే ఉప్పులా
భయం పోవడానికి పెట్టిన లెక్క.

గంట తిరిగేసరికి ఇరవై తొమ్మిది కుర్చీలకి
ఆకుపచ్చ బెలూన్లు ఊగుతున్నాయి.
కిటికీ పక్క పదిహేడో నంబరు బోడిగా ఉంది.

గనగళ్ల పోలేశ్వరి, రెండో సంవత్సరం.
తప్పు. తప్పు. మళ్ళీ తప్పు.
జడ్జి మెషీను మొహమాటం ఎరగదు.
"దీన్నొగ్గీయే, రెండోది సూద్దాం" అంటున్నారు జట్టులో ఇద్దరూ.
ఆమె ఒగ్గలేదు. పదకొండుసార్లు పంపింది.
పదీ నలభైకి నాకో సందేహం వచ్చింది ఆమె నుంచి:
పడవలో ఒక్కరే పడితే ఏం రాయాలి సార్?
అలాంటివి పూటకి యాభై వస్తాయి.
అన్నిటికీ ఒకటే జవాబు, ముందే టైపు చేసి ఉంచుకుంటాం:
ప్రశ్నను మళ్ళీ చదవండి.
ఆమె మళ్ళీ చదివింది కాబోలు.
నేను చదవలేదు.

రెండున్నరకి, బహుమతులు ప్రకటించబోయే ముందు
ఆమె ప్రోగ్రాం తెరిచాను, ఊరికే,
ఎక్కడ తడబడిందో చెబుదామని.
పద్నాలుగు లైన్లు. తడబాటు లేదు.
నాలుగు ఉన్నచోట మూడుతో భాగించింది.
ప్రతిచోటా అంతే, ఒకటి తీసేసి.

పిలిచాను. ఇదేమిటమ్మా, ఈ ఒకటి?
"తెడ్డేసీవోడు సార్.
కళ్ళేపల్లి రేవులో మా తాతకి పడవుంది.
నలుగురు పట్టీ పడవంటే ముగ్గుర్నే ఎక్కిస్తాడు.
ఒక్కరు పట్టీదైతే ఎవులూ దాటరు కద సార్,
తాతొక్కడే ఎల్లొచ్చీసినట్టుంటాది."

నమూనాలో నేనిచ్చింది ఐదుగురు, నలుగురి పడవ.
నా లెక్కకీ రెండే, ఆమె లెక్కకీ రెండే.
ఆ రెండే ఇద్దర్నీ నమ్మించింది.
పన్నెండుమంది రేవులో నిలబడ్డ చోట విడిపోయాం:
నా పడవ మూడు విడతల్లో, ఎవరూ నడపకుండా,
దానంతటదే నాగావళి దాటేసింది.
ఖాళీగా తిరిగి కూడా వచ్చేసింది.

కమిటీ కూర్చుంది.
కట్టిన బెలూన్లు ఎలా విప్పుతాం, అన్నారొకరు.
పడవవాడి సంగతి ప్రశ్నలో లేదు కదా, అన్నారింకొకరు.
లేదు, అన్నాను. అదే కదా.
చివరికి రెండూ సరేనని రాసుకున్నాం.
పదకొండు తప్పుల జరిమానా కొట్టేస్తే
ఆమె జట్టు అట్టడుగు నుంచి ఏడుకి వచ్చింది.
బహుమతులు మూడే.

ఆకుపచ్చవి అయిపోయాయి, పసుపుది ఇచ్చాను.
కుర్చీకి కట్టలేదు.
బ్యాగు జిప్పుకి ముడేసుకుని
హైవే మీద ఆగిన బస్సుకేసి పరిగెత్తింది.

చీకటి పడ్డాక ల్యాబుకి తాళం వేస్తుంటే
షెడ్డులో డీజిలు కొలుస్తున్నాడు సూర్యం.
తిన్నావా, అని అప్పుడడిగాను.
"ఆకలి నేదు బాబూ, టీ తాగినాను."
జేబులోంచి పొట్లాల కాగితం తీసి
ఫోను వెలుతురులో
తొంభై ఆరు కింద ఒకటి వేశాను.

అప్పటికి క్యాంటీను మూసేశారు.