ఫైలు నంబరు లేని ఉత్తరం

పదకొండేళ్లు ఆమె ఉత్తరాలు టైపు చేశాను.
అంతకుముందు ఆమె క్లాసులో చివరి బెంచీ నాది,
మార్కులు తక్కువ, చెవులు ఎక్కువ.

ఎవురామా బెంత్సిల్ అంటే అప్పట్లో కేప్ కోస్ట్ లో
చావు ఇళ్లకి పిలవకపోయినా వెళ్లే మనిషి.
భుజాన గుడ్డసంచి, సంచిలో టేప్ రికార్డరు,
అయిపోయిన బ్యాటరీలు ఎండలో పెట్టి మళ్లీ వాడేది.
ముసలమ్మలు శవం పక్కన ఫాంటేలో రాగం ఎత్తుకుంటే
ఒక మూల తల వంచుకుని తానూ ఏడ్చేది.
"ఏడవకుండా రాసుకుంటే అది దొంగతనం" అనేది మాతో.

ఆ పాటల్లో పోయినవాణ్ణి ఊరికే పంపరు.
ఎవరి మనవడివి, ఏ వాగు నీళ్లు తాగావు,
ఎవరికి చేప పంచావు, ఎవరు నీకు బాకీ
అడిగి అడిగి
అప్పుడు గానీ దారి వదలరు.

మూడొందల పన్నెండు క్యాసెట్లు. ఒక పుస్తకం.
రెండో భాగం కోసం మేం ఎదురుచూస్తుండగా
డీన్ అయింది.
ఒక్క ఏడాదికే, అన్నారు.
తర్వాత ప్రో వైస్ ఛాన్సలర్.

హాస్టల్లో నీళ్లు రావు. లెక్చరర్ల సమ్మె.
జనరేటరు డీజిల్ ఎవరు తాగుతున్నారో ఒక కమిటీ,
ఆ కమిటీ తాగిన టీ మీద ఇంకో కమిటీ.
హర్మటాన్ గాలికి ఫైళ్ల మీద దుమ్ము పేరుకుంటే
తలగుడ్డ విప్పి తుడిచేది.
సాహిత్యం మనిషికి లెక్కలేం తెలుసని
ఆర్థిక విభాగం మొదటి నెల నవ్వింది.
రెండో నెల నవ్వలేదు.
బడ్జెట్ ని పైకి చదివేది, పద్యం చదివినట్టు.
గొంతు తడబడ్డ చోట వేలు పెట్టి
"ఇక్కడెవరో ప్రాస కోసం అబద్ధమాడారు" అనేది.

చేతకాని అధికారి అయ్యుంటే
ఎప్పుడో మా దగ్గరికి తిరిగొచ్చేసేది.

క్యాసెట్ల గది స్కాలర్‌షిప్ ఆఫీసుకి కావాలని ఫైలొచ్చింది.
ఆకుపచ్చ సిరాతో ఆమే సంతకం పెట్టింది.
చెయ్యి వణుకుతుందేమోనని చూశాను. వణకలేదు.
కిటికీ బయట పిల్లలు ఎండలో వరసగా నిలబడి ఉన్నారు.
క్యాసెట్లు మెట్ల కిందికి పోయాయి.

గేటు కాపలా ఎబో ఎజిర్ పోయినప్పుడు,
సంతాప లేఖకి మా దగ్గర అచ్చు ఉండేది,
పేరూ ఉద్యోగి సంఖ్యా మార్చి తీసుకెళ్లాను.
చదివింది. మళ్లీ చదివింది.
కాగితం తిరగేసి ఫాంటేలో మొదలుపెట్టింది:

అనొమాబులో వలలు కుట్టిన ఎసీ మనవడా,
నా గది లైటు ఆరేదాకా కన్ను మూయనివాడా,
కారు తలుపు పట్టుకుని
ఇవాళైనా తిన్నావా అని నన్నడిగినవాడా,
మూడు నెలల ఓవర్‌టైం నీకు బాకీ ఉన్నాం.
ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది.
దారి తప్పుకోకు.
అక్కడే నిలబడి అడుగు.

రిజిస్ట్రార్ కళ్లజోడు తీశాడు.
"మేడం, ఇది బాకీ ఒప్పుకున్నట్టవుతుంది."
"అవుతుంది" అంది.
ఆ సాయంత్రం నలభై ఒక్కమంది కాపలావాళ్ల ఫైలు కదిలింది.
ఉత్తరానికి ఏ నంబరు వెయ్యాలో తోచక
వెయ్యలేదు నేను.

పదవీ విరమణ నాడు గోడగడియారం ఇచ్చారు.
దాన్ని చంకలో పెట్టుకునే మెట్ల కిందికి వంగి
ఒక పెట్టె లాగింది.
సముద్రపు చెమ్మకి టేపులు అతుక్కుపోయాయి.
రికార్డర్లో ఒకటి వేస్తే
ముసలి గొంతొకటి గరగరమంటూ లేచి
"ఎవరి మన..." దగ్గర ఆగింది.

ఆమె మెట్టు మీద కూర్చుని
క్యాసెట్ పళ్ల చక్రంలో పెన్సిల్ దూర్చి
మెల్లగా తిప్పుతోంది.
రెండో భాగం సంగతి అడుగుదామనుకున్నాను.
నా బస్సుకి వేళయింది.