తీతువు డ్యూటీ

మా అమ్మ ఉన్నప్పుడు
రాత్రి తీతువు కూసిందంటే
పిడికెడు ఉప్పు పొయ్యిల వేసేది,
ఎవరికో మూడిందని.

ఇప్పుడు మా కాలనీల
తీతువు కూస్తే
పద్దెనిమిది ఇండ్లల్ల లైట్లు వెలుగుతయి.

కాప్రా దాటినంక, ఆఖరి బస్టాపు వెనక
మా గుట్ట.
పటంల పేరు లేదు, సర్వే నంబరుంది.
ఏనుగుల మంద పండుకున్నట్టు బండలు,
బండల సందుల సీతాఫలం, బలుసు, రేగు,
ఉడుములు, ముంగిసలు.
చుక్కల తాబేలు ఒకటి, రెండేండ్ల కింద చూసినం.
మళ్లీ కనబడలే.
రిజిస్టర్ల మాత్రం ఇంకా కొట్టెయ్యలే.

రిజిస్టరు నాది.
ముప్పైఒక్క ఏండ్లు ఉప్పల్ డిపోల కండక్టరును,
మనుషులను లెక్కబెట్టిన చెయ్యి
ఊరికె ఉంటదా?
ఆదివారం పొద్దుగాల గుట్టెక్కి
నెమళ్లు ఏడు, కుందేళ్లు మూడు,
పాముల సంగతి రుద్రమణిని అడగాలె,
ఇండ్లల్ల పట్టి తెచ్చి ఇడిచినవి వేరే పేజీ.
టికెట్టు లేనోడు ఒక్కడూ లేడు ఈ గుట్ట మీద.
అందరూ మనకన్నా ముందు స్టేజీల ఎక్కినోళ్లే.

రాత్రిళ్లు టిప్పర్లు వస్తయి లైట్లార్పుకొని.
ఎక్కడో కూలగొట్టిన గోడలు, బాత్రూం టైల్సు,
ఒకసారి ఎవరిదో దేవుడి గూడు, పసుపు ఆరనే లేదు.
కంప్లయింటు ఇచ్చినం, రసీదు ఇచ్చిన్రు.
రసీదు కూడా రిజిస్టర్లనే ఉంది.

వంతులేసుకొని కావలి కాద్దామనుకున్నం.
మొదటి వారం పన్నెండు మంది,
రెండో వారం నలుగురు,
మూడో వారం నేను, అంజుం బీ, ఆమె ఫ్లాస్కు.

"భాయ్, మనకన్నా ముందే ఎవరో డ్యూటీల ఉన్నరు"
అన్నదామె.
ఇంజను చప్పుడు మా చెవులకు అందకముందే
నేల మీదికెళ్లి లేచి
చీకటిని చింపుకుంట అరిచే పిట్ట.

గూడు కూడా కట్టుకోలే అది.
గులకరాళ్ల నడుమ నాలుగు గుడ్లు.
రాళ్లే అనుకున్న నా చెప్పు
ఇంచు దూరంల ఆగింది.
ఇంచే.

ఏప్రిల్ ఎండల
అంజుం బీ పెట్టిన తసలల దిగి
పొట్ట ఈకలు తడుపుకొని
ఉరికొచ్చి గుడ్ల మీద కూసుంటది.

మీటింగుల కొట్లాట.
"పార్కు చేద్దాం, బెంచీలు, పెద్ద లైట్లు"
అన్నడు మూడో లైను దామోదర్ సారు.
"చీకటి గూడ గుట్టదే సార్"
ఇంటర్ చదివే తన్మయి లేచింది.
ఓటు పెట్టినం, ఒక్క ఓటుతోని చీకటి గెలిచింది.
ఆ ఒక్కటి ఎవరిదంటే
దామోదర్ సారు కండ్లద్దాలు తుడుసుకుంటడు.

మొన్న అమాస రాత్రి కూసింది.
టార్చీలు, లుంగీలు, నైటీలు,
నిద్ర మొకాలతోని అందరం ఉరికినం.
డ్రైవరు మీసాలు సరిగ రాని పిలగాడు.
"ట్రిప్పుకు ఎనిమిది వందలు అన్నా,
ఇక్కడ గాకపోతే యాడ పొయ్యమంటవ్?"
ఎవరి తాన జవాబు లేదు.
చాయ్ తాగిచ్చినం.
లోడు లోడే తిరిగి పోయింది.
ఏ చెరువు మీద పడిందో,
ఆ లెక్కకు నా రిజిస్టర్ల కాలమ్ లేదు.

పొద్దుగాల పోయి చూస్తే
నాలుగుల మూడు పిల్లలయినయి.
నాలుగోది సల్లగ ఉంది.
రాయబోతుంటే తల్లి నా నెత్తి మీదనే
గిరగిర తిరుగుకుంట ఒకటే అరుపు.

దానికి టిప్పరూ ఒక్కటే, నేనూ ఒక్కటే.

పెన్ను జేబుల పెట్టుకొని
నాలుగడుగులు ఎనక్కి జరిగిన.
డ్యూటీ అంటే అట్లనే ఉండాలె.