గోడ రుచి

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు
లాప్‌టాప్ తెచ్చుకున్నాడు కుర్రాడు.
అది సంచీలో పెట్టు,
ముందు ఈ గోడ మీద అరచెయ్యి ఆనించు, అన్నాను.
ఆనించాడు.
ఇప్పుడా చెయ్యి నాలిక్కి రాసుకో.
నవ్వులాటకి అంటున్నాననుకున్నాడు.

నీ ఎంబీఏ పుస్తకంలో ఆస్తి అంటే అంకె.
జువ్వలపాలెం రోడ్డులో ఆస్తి అంటే
కింద నీళ్లు, పైన నీళ్లు,
మధ్యలో అద్దెకున్న మనుషులు.

పన్నెండేళ్లుగా ఇదే నా పని.
కట్టినవాళ్లకీ ఉంటున్నవాళ్లకీ నడుమ
తాళాలగుత్తి మోసుకు తిరగడం,
లిఫ్టు ఎందుకు మూలిగిందో,
మూడో అంతస్తు కుళాయి ఎర్రగా ఎందుకు ఉమ్ముతోందో
కాగితం మీద పెట్టి సంతకం చెయ్యడం.
విజిటింగ్ కార్డు మీద కన్సల్టెంటుని.
వాచ్‌మన్ అప్పలకొండకి మాత్రం
గోడలు చూసే మేడంని.
మా అమ్మని ఎవరైనా అడిగితే ఇప్పటికీ
"ఏదో ఇళ్ల ఆఫీసులోనండీ" అంటుంది.

పెనుమత్స రంగరాజు గారి బిల్డింగు ఇది.
ఆయన అడిగింది రెండే ముక్కలు:
అద్దె పెంచొచ్చని రాయండి,
కింద పోర్షన్ టైలరు ఆబిదా
తడిబట్టలు లోపల ఆరేసి గోడ పాడుచేస్తోందని రాయండి.

ఆబిదా మా ఇద్దరికీ టీ ఇచ్చింది.
మిషను గోడకి రెండడుగులు ఇవతలికి జరుపుకుంది,
పెళ్లి జాకెట్లకి చెమ్మ తగలకుండా.
గోడకి అడుగు నుంచి నడుమెత్తు దాకా
బియ్యప్పిండి చల్లినట్టు ఉప్పు పొంగి ఉంది.
తడిబట్టలకి ఉప్పుండదు కదండీ, అన్నాడు కుర్రాడు
చెయ్యి ఇంకోసారి రుచి చూసి.

అప్పుడు వాణ్ణి డాబా ఎక్కించాను.
ప్రహరీ అవతల ఏరేటర్లు తిరుగుతున్నాయి.
రాజుగారి రొయ్యల చెరువే,
పోయినేడు గట్టు జరిపి ఇటు పెంచింది.
యజమాని ఒక్కడే. ఆస్తులు రెండు.
ఒకటి రెండోదాన్ని పునాదుల్లోంచి తింటోంది.

రిపోర్టు వాడి చేతే రాయించాను.
'బహుశా' అని మూడుచోట్ల పెట్టాడు.
రెండు కొట్టేశాను.
ఒకటి ఉంచాను, మనమూ భీమవరంలోనే బతకాలి కదా.

రాజుగారు ఫోన్ ఎత్తడం మానేశారు.
వచ్చే ఏడాది కాంట్రాక్టు ఏలూరు వాళ్లకి వెళ్లిందట.
బిల్లు మాత్రం పంపాం, జీఎస్టీతో సహా.

మేడం, ఇందులో ఎదుగుదల ఉంటుందా? అనడిగాడు
యనమదుర్రు వంతెన మీద బండి ఆపి.
చెప్పడానికి నా దగ్గర గొప్ప మాటేం లేదు.
తాళాలగుత్తి చేతికిచ్చాను.
రేపు ఎనిమిదింటికి, మార్కెట్ వెనక కొత్త బిల్డింగు.
ట్యాంకులోకి దిగాలి,
మడుచుకోడానికి వీలయ్యే ప్యాంటు వేసుకు రా.