పిచికారీ అందని రెండు సాళ్ళు

గాలి ఇంకా నిద్రలేవని వేళ
నాలుగున్నరకి ట్రాక్టర్ తీస్తాను.
కుయావీ నేల నల్లగా, చదునుగా,
ఎవరో దులిపి పరిచిన గొంగళిలా ఉంటుంది.
దాని మీద బ్రోనిస్వావా గారి పదకొండు హెక్టార్ల చక్కెర దుంప.
నేను కిరాయికి మందు కొట్టేవాణ్ణి.
ఈ చుట్టుపక్కల అందరి ఆకులూ నాకు తెలుసు,
ఒక్క దుంపా నాది కాదు.

జూన్‌లో, సాళ్ళు ఒకదాన్నొకటి తాకకముందే
బోరాన్ కొట్టాం.
అది చాలకపోతే నడినెత్తిన చిగురు నల్లబడి
దుంపకి గుండె కుళ్ళుతుంది.
బయటి ఆకులు మాత్రం చాన్నాళ్ళు పచ్చగానే నవ్వుతాయి.
"అలాంటి మనుషుల్ని చూశాను," అందావిడ
డ్రమ్ములోకి సీసా వంచుతూ.
"వాళ్ళకే, హెక్టారుకి ఇంతని రాసున్న సీసా దొరకదు."

వేరుకి వేసే ఎరువు పూటకూడు.
ఆకు మీద చల్లేది
జ్వరమొచ్చినవాడికి చెంచాతో పట్టే గంజి.
ఆ తేడా నాకు ఆవిడే చెప్పింది.

జులైలో రాత్రులకి చెమట పట్టింది.
ఆవిడ పొలాన్ని మూలనుంచి మూలకి నడిచి
వంద ఆకులు తెంపుకొచ్చి
వంటబల్ల మీద పరిచింది, రొట్టెని పక్కకి నెట్టి.
ఏడింటి మీద మచ్చలు.
బూడిదరంగు నడుమ, ఎర్రటి అంచు,
సిగరెట్ ఆర్పినట్టు.
"పోయిన సోమవారం రెండే," అంది.
ఇంకేమీ అనలేదు. నేను టోపీ పెట్టుకున్నాను.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే,
మా దగ్గర ఆకులే ముందు కాలతాయి.

మొదటి మందు అయింది.
నెల తిరక్కుండా రెండోది, వేరే జాతిది,
ఒకే మందు రుచి మరిగితే తెగులు లొంగదు కనక.
ఆ రెండోసారి,
ఎడమ చివర రెండు నాజిళ్ళు పూడుకుపోయాయి.

చూశాను.

ఇంకో నాలుగు తిరుగుళ్ళే ఉన్నాయి, గాలి లేస్తోంది,
తర్వాత లుచ్యాన్ పొలానికి మాటిచ్చాను.
చూడనట్టే పూర్తి చేశాను.

ఆగస్టు నా తప్పుని అందరికీ చదివి వినిపించింది.
పచ్చటి పొలంలో నాలుగు గోధుమరంగు చారలు,
రూళ్ళ పుస్తకంలో గీతల్లా తిన్నగా,
తారురోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకీ కనబడేలా.
నేను పక్క దారిన తిరగడం మొదలుపెట్టాను.

సెప్టెంబరుకి చారల్లో కొత్తాకు వచ్చింది,
లేతగా, ఏమీ ఎరగనట్టు.
ప్రాణం లేచొచ్చి పరిగెత్తాను:
"తేరుకున్నాయండీ!"
ఆవిడ వంగి ఒక ఆకు తడిమింది.
"పిచ్చివాడా, ఇవి దేంతో కొన్నాయనుకున్నావ్?
కింద దాచుకున్న తీపితో."

అక్టోబరు మంచులో ముళ్ళపారతో తవ్వింది.
చారలోంచి ఇరవై, పక్క సాలులోంచి ఇరవై.
రెండు గోతాలు, రెండు రంగుల దారాలు.
ఫ్యాక్టరీ నుంచి చీటీలొచ్చాయి:
తెల్లదారానికి పదిహేడు పాయింట్ నాలుగు,
ఎర్రదారానికి పదిహేను పాయింట్ రెండు.
బరువూ తక్కువే.

కోడిగుడ్ల లెక్కలు రాసే పుస్తకం తీసింది.
రెండో పిచికారీకి హెక్టారుకి మందు, డీజిలు, నా కూలీ
కలిపి మూడొందల జ్లోటీలు.
అది తప్పిన చోట పోయింది
రెండు వేల ఆరొందలు.
చారలు ఎంత మేరో అడుగులు వేసి కొలిచే ఉంచుకుంది.
పెన్సిల్ కొస నాలుకకి తాకించి హెచ్చవేసి
మూడొందల డెబ్బై నాలుగు అని తేల్చింది.
నా కూలీలోంచి తీసేసింది.
ఒక్క గ్రోష్ ఎక్కువా లేదు, తక్కువా లేదు.
తిట్టి ఉంటే బాగుండేది.

తలుపు దాకా వచ్చాక పిలిచింది.
"టిమోన్, వచ్చే ఏడు ఆ నాజిళ్ళు నువ్వే మూసెయ్.
ఒక్క తిరుగుడుకి చాలు.
మందులమ్మేవాడి మాట కంటే
ఆ చార చెప్పేది నమ్ముతాను."
పుస్తకం మూసి, పైన గుడ్ల బుట్ట పెట్టింది.
"ఈసారి నష్టం నా పేరున రాసుకుంటాలే."